కోపం వస్తుంది, భయం వేస్తుంది, బెంగ పెట్టుకుంటాం

నెల్లూరు పొగతోట తెలియనివాళ్ల కోసం ముందే చెబుతున్నా, పేరులో మాత్రమే పొగాకు, ఉన్నవన్నీ ఆస్పత్రులు, ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు, సందు దొరికిన చోటల్లా మందుల షాపులు. అందులో ఒక షాపులో నేను ఫార్మసిస్టుని. రోజంతా డాక్టర్ల చేతిరాత చదవడం, షీటులోంచి బిళ్లలు కత్తిరించి ఇవ్వడం, పొద్దున ఎన్ని రాత్రి ఎన్ని అని కవరు మీద రాసివ్వడం. మందుల సంగతి కాలేజీలో నేర్చుకున్నాను. తమకి ఏమవుతోందో మనుషులు ఎట్టా చెబుతారన్నది మాత్రం ఈ కౌంటరు దగ్గరే తెలిసింది.

చీటీ లేకుండా వచ్చేవాళ్లలో చాలామందిది ఒకటే మాట. "పాపా, గ్యాస్ బిళ్ల ఒకటియ్యి." ఛాతీలో పట్టేసినట్టుంటే గ్యాస్. రాత్రంతా నిద్ర పట్టకపోతే గ్యాస్. రేపు కూతురికి పెళ్లిచూపులు, పొద్దుట్నించి కడుపులో తిప్పుతోంది, గ్యాస్ ఎక్కింది. కొడుకు ఫోన్ ఎత్తి వారమైంది, గుండెల మీద ఏదో పెట్టినట్టుంది, అదీ గ్యాసే. ఎడం చెయ్యి లాగుతోందా, చెమటలు పడుతున్నాయా అని అడుగుతాను, అవునంటే బిళ్ల ఇవ్వను, ముందు ఎదురుగా ఉన్న ఆస్పత్రికి పోయి ఈసీజీ తీయించుకోమంటాను, ఎందుకంటే గ్యాస్ అనుకొని ఇంట్లోనే పడుకొని పోయినవాళ్లు నాకు తెలుసు. కానీ ఎక్కువమంది ఆ ఈసీజీ కాగితం పట్టుకొని నవ్వుకుంటూ వెనక్కొస్తారు. అంతా నార్మల్ అంట. మరి ఏందన్నాడు డాక్టరు అంటే, "టెన్షన్ తగ్గించుకోమన్నాడు."

మా కౌంటరు దగ్గర మనుషుల మనసంతా ఈ రెండు మాటల్లో ఇరుక్కుపోయింది. మెడ కింద ఏమైనా గ్యాస్, మెడ పైన ఏమైనా టెన్షన్.

టెన్షన్ అనే మాట మీద నాకు పగేమీ లేదు. నోరు తిరుగుతుంది, చదువుకున్నవాడూ చదువుకోనివాడూ వాడతారు, చెప్పుకోడానికి నామోషీ లేదు. పైగా అది ఇప్పుడు తెలుగు మాటే. నా బాధల్లా ఒకటే, టెన్షన్‌గా ఉంది అని ఎవరైనా అంటే ఎదుటివాళ్లకి ఏం చేయాలో తెలియదు. కాసిని మంచినీళ్లు ఇస్తారు, టెన్షన్ పడొద్దు అంటారు, అంతటితో సరి. మన పాత మాటలు అట్టా కాదు. అవి లోపల ఏముందో చెప్పి ఊరుకోవు, చుట్టూ ఉన్నవాళ్లకి పని కూడా పురమాయిస్తాయి.

బెంగ చూడండి. మా ఊళ్లో ఇంటర్మీడియట్ హాస్టళ్లు ఎన్నున్నాయో మీకు తెలుసు, కందుకూరు నుంచి, పొదిలి నుంచి, ఉదయగిరి నుంచి పిల్లల్ని తెచ్చి వాటిలో వేస్తారు. జూన్, జూలైలో వాళ్ల అమ్మానాన్నలు మా షాపుకి వస్తారు, పిల్లకి జ్వరం, అన్నం సయించడం లేదు, తింటే వాంతి. పరీక్షలన్నీ చేయించారు, ఏమీ లేదు. "చదువు టెన్షన్" అంటాడు తండ్రి. పక్కనే ఉన్న ముసలామె, ఆయన తల్లి అనుకుంటాను, ఒకసారి గట్టిగా అనేసింది, "టెన్షనూ లేదు, బొంగూ లేదు, బిడ్డ ఇంటి మీద బెంగ పెట్టుకుంది. నాలుగు రోజులు తీసకపోయి నా పక్కన పండబెట్టుకుంటా." ఇద్దరూ పిల్ల గురించే మాట్లాడారు. తండ్రి చెప్పినదాంట్లో చేయడానికేమీ లేదు, ముసలామె చెప్పినదాంట్లో మందు కూడా ఉంది. బెంగ అంటే ఎవరో దూరంగా ఉన్నారని అర్థం. వాళ్లని చూపించాలి, లేదా వీళ్లని అక్కడికి తీసకపోవాలి. దూడ కోసం ఆవు కూడా బెంగ పెట్టుకుంటుంది, ఒంగోలు ఆవుల్ని సాకినవాళ్లెవర్ని అడిగినా చెబుతారు.

బెంగ "పెట్టుకుంటాం" అన్నాను కదా. ఈ క్రియల సంగతి గమనించడం మొదలుపెట్టాక నాకు ఇక నిద్ర పట్టలేదు (గ్యాస్ కాదు). కోపం వస్తుంది. ఏడుపు, నవ్వు, విసుగు, ఇవీ వస్తాయి. కానీ భయం రావడం కంటే ఎక్కువగా వేస్తుంది. సిగ్గు, జాలి, ఆశ్చర్యం కూడా వేస్తాయి. ఇంకేం వేస్తాయి మనకి? ఆకలి, దాహం, చలి. అంటే మన భాష భయాన్నీ సిగ్గునీ జాలినీ తీసుకెళ్లి ఒంటి ఖాతాలో రాసింది. చీకట్లో కుక్క మొరిగితే భయం వేయడం, మధ్యాహ్నమైతే ఆకలి వేయడం, రెండింటిలోనూ నా ప్రమేయం లేదు. ఇక దిగులు, బాధ, ఆరాటం, వీటిని పడతాం, కష్టం పడ్డట్టు. ఆశ, కక్ష, బెంగ, వీటిని మాత్రం పెట్టుకుంటాం, మనమే పెట్టుకున్నాం కాబట్టి మనమే తీసేయొచ్చు అన్న ఆశ ఆ మాటలోనే కొంచెం ఉంది.

ఒకే దానికి క్రియ మారితే నేరం కూడా చేతులు మారుతుంది. భయం వేసింది అంటే నాదేం లేదు. భయపడ్డాను అంటే కొంచెం నాది. మా ఇంట్లో రోజూ జరిగేదే, మా ఆయన తన గురించి చెప్పేటప్పుడు "నాకు కోపం వచ్చింది" అంటాడు, ఎటునుంచో బస్సెక్కి వచ్చినట్టు. అదే నేను చెప్పేటప్పుడు "నువ్వు పిల్లోడి మీద కోప్పడ్డావు." ఎవరి కోపాలు వాళ్లకి వస్తాయి, ఎదుటివాళ్లు మాత్రం కోప్పడతారు, లేదా కోపం తెచ్చుకుంటారు. చిరాకూ విసుగూ ఒకటే అని ఆయన వాదన. కాదు, మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే వచ్చేది చిరాకు, పోయిన కరెంటు గురించి ఆయన పదిసార్లు అడిగితే వచ్చేది విసుగు.

ఒంటి ఖాతాలో రాయడం మన ఒక్కరి ఆలోచనే కాదు. అమెరికాలో విలియం జేమ్స్ అనే ఆయన 1884లో, అసలు ఉద్వేగం అంటే ఏంటి అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టి ఒక వ్యాసం రాశాడు. ఎలుగుబంటిని చూసి భయపడి, ఆ భయంతో పరిగెత్తుతాం అని కదా అందరం అనుకుంటాం, ఆయన దాన్ని తిరగేశాడు. చూడగానే ముందు ఒళ్లు మారుతుంది, గుండె దడదడలాడుతుంది, కాళ్లు పరుగందుకుంటాయి, ఆ మార్పు మనకి తెలియడమే భయం. ఆ ఒంటి లక్షణాలన్నీ ఒక్కొక్కటే తీసేస్తూ పోతే చివరికి భయం అనేది ఏం మిగులుతుంది అని అడిగాడు. మరుసటి ఏడు డెన్మార్క్‌లో కార్ల్ లాంగే అనే వైద్యుడు తనంతట తానుగా దాదాపు ఇదే మాట అన్నాడు.

తీసేస్తే ఏం మిగులుతుందో కొంచెం చూపించే బిళ్ల ఒకటి మా షాపులో ఉంది, ప్రొప్రనొలాల్. 1960ల్లో జేమ్స్ బ్లాక్ అనే స్కాట్లండ్ ఆయన గుండె జబ్బుల కోసం కనిపెట్టాడు, 1988లో నోబెల్ వచ్చినవాళ్లలో ఆయనొకడు. గుండె వేగం తగ్గిస్తుంది, చేతి వణుకు తగ్గిస్తుంది, అందుకే స్టేజీ ఎక్కితే వణికేవాళ్లకి కూడా డాక్టర్లు రాస్తుంటారు. (చీటీ లేకుండా నన్ను అడగబాకండి, ఆస్తమా ఉన్నవాళ్లకి ప్రాణం మీదికి వస్తుంది.) చీటీ తెచ్చుకొని తీసుకెళ్లిన ఒక సంగీతం టీచరమ్మ తర్వాత వచ్చి చెప్పింది, "భయం అక్కడే ఉందమ్మా, కానీ దానికి కాళ్లూ చేతులూ లేవు." విలియం జేమ్స్‌గారికి ఈ మాట వినిపిస్తే బాగుండు అనిపించింది. సగం ఆయనది ఒప్పు, సగం తప్పు.

ఆయన్ని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. వాల్టర్ కానన్ అనే ఆయన 1927లో అన్నది సింపుల్‌గా చెప్పాలంటే, గుండె దడ కోపంలోనూ వస్తుంది, భయంలోనూ వస్తుంది, జ్వరంలోనూ వస్తుంది, మరి ఒంటిని చూసి ఏది ఏదో ఎట్టా తెలుస్తుంది? 1962లో స్టాన్లీ షాక్టర్, జెరోమ్ సింగర్ అనే ఇద్దరు దీన్ని పరీక్షించారు. కాలేజీ కుర్రాళ్లకి విటమిన్ అని చెప్పి ఆడ్రినలిన్ ఇంజెక్షన్ పొడిచారు (ఇప్పుడైతే జైలుకి పోతారు). గుండె దడ వస్తుందని కొందరికి ముందే చెప్పారు, కొందరికి చెప్పలేదు. తర్వాత గదిలో పక్కన ఒక నటుణ్ణి కూర్చోబెట్టారు, కొందరి దగ్గర వాడు కాగితం విమానాలు ఎగరేస్తూ గంతులు వేస్తాడు, కొందరి దగ్గర చేతికిచ్చిన ప్రశ్నలు చదివి మండిపడతాడు. దడ ఎందుకొచ్చిందో తెలియని కుర్రాళ్లు పక్కవాడి ధోరణిలో పడ్డారని, అంటే ఒళ్లు రేగడం ఒకటే అయినా దానికి ఏ పేరు పెట్టుకుంటామో అదే అవుతుందని వాళ్లు తేల్చారు. తర్వాత వేరేవాళ్లు అదే చేసి చూస్తే అంత శుభ్రంగా రాలేదు, కాబట్టి మొత్తం నమ్మలేం. అయినా కౌంటరు వెనక నిలబడి చూస్తే ఆ ప్రయోగంలోని కుర్రాళ్లు నాకు రోజూ కనపడతారు. దడ నిజం. దానికి ఏం పేరు పెట్టాలో తెలియక పక్కవాడు చెప్పిన గ్యాస్ పెట్టుకుంటారు.

భరతుడి నాట్యశాస్త్రంలో ఈ ఒంటి సంగతులకి విడిగా ఒక జాబితా ఉంది, సాత్త్విక భావాలంటారు, ఎనిమిది. కొయ్యబారిపోవడం, చెమట, ఒళ్లు గగుర్పొడవడం, గొంతు మారడం, వణుకు, ముఖం పాలిపోవడం, కన్నీళ్లు, స్పృహ తప్పడం. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది, అచ్చం మా కౌంటరు దగ్గర రోజూ వినే లక్షణాల చిట్టా. నాట్యం చేసేవాళ్ల కోసం రాసిందే గానీ అందులో భావాల లెక్క చాలా పట్టుగా ఉంటుంది, లోపల నిలిచి ఉండే స్థాయీ భావాలు 8, వచ్చి పోయే సంచారి భావాలు 33, ఈ సాత్త్వికాలు 8, అన్నీ కలిపి 49. ఆ 33లో శంక, అసూయ, దైన్యం, సిగ్గు, గర్వం, విషాదం లాంటివి మనకి తెలిసినవే. నన్ను ఆపేసింది మాత్రం అవహిత్థ. లోపల ఉన్నదాన్ని పైకి కనపడనీయకుండా దాచడం. దాచడాన్ని కూడా ఒక భావంగా లెక్కపెట్టాడు.

దాన్ని నేను చూసింది పొగాకు వేలంలో. మాది కందుకూరు దగ్గర పల్లె, మా నాయన పొగాకు వేసేవాడు. బేళ్లు ట్రాక్టరుకెత్తుకొని పోయి వేలం కేంద్రంలో వరసగా పేర్చి, ఎవరి బేళ్ల దగ్గర వాళ్లు నిలబడేవాళ్లు. కంపెనీల తరఫున కొనేవాళ్లు, వేలం పాడేవాళ్లు ఆ వరస వెంట నడుచుకుంటూ పోయేవాళ్లు. ఒక్కో బేలు దగ్గర చేత్తో ఆకు లాగి, రంగు చూసి, వాసన చూసి, ధర అనేసి ముందుకి. ఏడాదంతా నారు, నాట్లు, ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రిళ్లు నిద్ర కాచి మంట చూసుకోవడం, ఆకు గ్రేడు చేయడం, ఇదంతా అక్కడ నాలుగు క్షణాల్లో తేలిపోయేది. ఎవరూ ధర పెట్టకపోతే నో బిడ్. ఆ బేలు మళ్లీ ఇంటికి మోసకపోవాల్సిందే. నన్ను ఒకసారి తీసకపోయినప్పుడు మా నాయన బేళ్లలో చాలా వాటికి నో బిడ్ పడింది. ఆయన ముఖం వంక చూశాను. ఏమీ లేదు. భుజం మీది తువ్వాలు తీసి దులిపి, మడత పెట్టి, మళ్లీ భుజాన వేసుకున్నాడు. పక్క రైతు "ఏందన్నా" అంటే "చూద్దాంలే" అన్నాడు. నాకు సోడా కొనిచ్చాడు కూడా. చుట్టూ అందరి ముఖాలూ అంతే, ధర పడినవాడు మురిసిపోయినట్టు కనపడడు, పడనివాడు కుంగినట్టు కనపడడు, ఎందుకంటే కొనేవాడు చూస్తున్నాడు, పక్క ఊరివాడు చూస్తున్నాడు, అప్పిచ్చినవాడు కూడా అక్కడే ఎక్కడో ఉంటాడు.

ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చొని లేచిపోయాడు. మా అమ్మ ఏదో అడగబోతే మా అవ్వ ఆపింది. "పలకరించబాకండి, వాడికి కడుపు మండిపోతా ఉంది." కోపంగా ఉన్నాడని అనలేదు. కోపం అంటే ఎవరి మీదో చెప్పాలి, చెబితే వాడి దగ్గరికి పోయి అడగాలి. కడుపు మండటంలో అన్యాయం జరిగిందన్న సంగతి ఉంది, అడగడానికి మనిషి దొరకని సంగతీ ఉంది. అట్టాంటివాణ్ణి ఓదార్చకూడదు, కాసేపు వదిలేయాలి, అది మా ఇంట్లో అందరికీ ఆ ఒక్క మాటతో అర్థమైంది. ఒళ్లు మండటం వేరు, దానికి మనిషి కావాలి, ఎదురుగా ఉండాలి. కడుపు తరుక్కుపోవడం ఇంకా వేరు, అది మన బాధ కాదు, ఎదుటివాళ్లది చూసి మనకి కలిగేది. ఒకే కడుపు, ఎన్ని పనులు చేస్తుందో.

మా తాతకి ఇట్టాంటి తేడాల మీద మహా పట్టుదల. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో టంగుటూరి ప్రకాశం తుపాకుల ముందు రొమ్ము చూపించిన సంగతి బళ్లో చెప్పి, ధైర్యానికి ఉదాహరణ అన్నారని ఇంటికొచ్చి చెప్పాను. "ధైర్యం కాదే, రోషం" అన్నాడు. ధైర్యం ఉన్నవాడు ముందు ఆలోచిస్తాడంట, రోషం వచ్చినవాడికి ఆ తీరిక ఉండదంట. చరిత్ర పుస్తకాలవాళ్లు ఒప్పుకుంటారో లేదో గానీ మా వైపు రోషం లేనోడా అన్నది పిరికోడా అన్నదానికంటే పెద్ద తిట్టు.

ఇప్పుడు మా అబ్బాయి బళ్లో గోడకి ఒక చార్టు ఉంది. గుండ్రటి పసుపు ముఖాలు, ఆరు. హ్యాపీ, శాడ్, యాంగ్రీ ఇట్టా. పొద్దున్నే పిల్లలు వచ్చి తమ ముఖం ఏదో చూపించాలంట. ఉద్దేశం మంచిదే, మా రోజుల్లో మమ్మల్ని అడిగినవాడు లేడు. ఆ ఆరు ముఖాలు పాల్ ఎక్‌మన్ అనే అమెరికా సైకాలజిస్టు జాబితాలోవి, 1960ల్లో పాపువా న్యూగినీ కొండల్లో ఉండే ఫోరే జనానికి ఫొటోలు చూపించి, ఈ ముఖాలు ప్రపంచంలో అందరికీ ఒకటే అన్నాడు, సంతోషం, దుఃఖం, కోపం, భయం, అసహ్యం, ఆశ్చర్యం. భరతుడి ఎనిమిది స్థాయీ భావాల్లో ఈ ఆరూ దాదాపుగా ఉన్నాయి, పైగా రతి, ఉత్సాహం ఎక్కువ. ఎక్‌మన్ చెప్పినదాని మీద ఇప్పటికీ తగువులు నడుస్తున్నాయి, ముఖం చూసి అంత తేలిగ్గా చెప్పలేమని వాదించేవాళ్లు చాలామంది.

నా గొడవ అది కాదు. మావాడు ఒకరోజు సాయంత్రం వచ్చి బ్యాగు విసిరేసి "ఐయామ్ యాంగ్రీ" అన్నాడు, కళ్లల్లో నీళ్లు. మరి శాడ్ కూడానా అంటే అవునూ కాదూ అన్నాడు. జరిగిందేంటంటే కబడ్డీలో వీణ్ణి ఔట్ చేసి అందరూ నవ్వారు, వీడు ఔట్ కాలేదన్నాడు, ఎవరూ వినలేదు. చార్టులో దీనికి ముఖం లేదు. దీన్ని ఉక్రోషం అంటారు నాన్నా అని చెప్పాను. కోపం ఉంటుంది, ఏమీ చేయలేం, దానికి తోడు నవ్వుతున్నారు, అప్పుడు ఏడుపు తన్నుకొస్తుంది, ఏడిస్తే ఇంకా నవ్వుతారని ఆపుకుంటాం, అది. వాడు కాసేపు ఆలోచించి "అందరికీ వస్తుందా?" అన్నాడు. పేరుందంటే మరి అందరికీ వచ్చిందనే కదా. ఆ వారమంతా ఇంట్లో ఎవరికి ఉక్రోషం వచ్చిందో కనిపెట్టడమే పని, టీవీలో క్రికెట్ చూస్తూ ఔటైన వాళ్ల ముఖాలన్నీ పరీక్షించాడు.

ఇన్ని విడివిడి మాటలున్న భాషలో అన్నిటినీ కలిపి చెప్పడానికి మాత్రం ఇంట్లో వాడే మాట లేదు. భావోద్వేగం అన్నది టీవీ వార్తల్లో మంత్రులకీ హీరోలకీ మాత్రమే వస్తుంది, "భావోద్వేగానికి లోనయ్యారు" అంటే ఏడ్చారని. మా అవ్వ జీవితంలో ఒక్కసారి కూడా దానికి లోను కాలేదు. ఇంగ్లీషులోనూ ఎమోషన్ అనే గంప మరీ పాతదేం కాదు. అంతకుముందు వాళ్లు పాషన్లు వేరు, అఫెక్షన్లు వేరు అని విడిగా లెక్కపెట్టేవాళ్లు, 1820లో ఎడిన్‌బరో ప్రొఫెసరు థామస్ బ్రౌన్ ఉపన్యాసాలు అచ్చయిన దగ్గర్నించి అన్నిటినీ ఎమోషన్ కింద వేయడం శాస్త్రంలో బలపడింది. మనం ఆ గంప తెచ్చుకొని ఫీలింగ్ అని పేరు పెట్టుకున్నాం. "ఫీలయ్యాను" అంటే బాధపడ్డాననో, చిన్నబుచ్చుకున్నాననో, అలిగాననో, ఏదైనా కావచ్చు.

అందులో అలక కలిసిపోవడం నాకు అసలు నచ్చదు. అలక కోపం కాదు. మనల్ని బతిమాలతారు అన్న నమ్మకం ఉన్నచోటే అలుగుతాం. ఆఫీసులో బాసు మీద అలిగినవాణ్ణి చూశారా? అప్పులవాడి మీద? అమ్మ మీద, మొగుడి మీద, పుట్టింటి మీద అలుగుతాం. మన పెళ్లిళ్లలో దీనికి ఏకంగా మంచం వేశారు, అలక పానుపు, అల్లుడు దాని మీద ఎక్కి కూర్చుంటాడు, అత్తామామలు బతిమాలి ఉంగరమో బైకో ఇచ్చి దింపాలి. (బైకు దాటి కారు అడిగితే అది అలక కాదు, కట్నం.) జపాన్‌లో తకెయో దోయి అనే మానసిక వైద్యుడు తమ భాషలో అమాయె అనే మాట మీద చాలా రాశాడు, ఎదుటివాళ్లు మనల్ని గారాబం చేస్తారని వాళ్ల మీద వాలిపోవడం. దాని గురించి చదువుతుంటే నాకు పానుపు మీద కూర్చున్న మా బావే కనిపించాడు. అలిగినవాళ్లని వదిలేస్తే అది కోపంగా మారుతుంది, అప్పుడు బతిమాలినా దిగరు. కడుపు మండినవాణ్ణి వదిలేయాలి, అలిగినవాణ్ణి వదలకూడదు. ఇద్దరూ "నేను హర్ట్ అయ్యాను" అంటే మనకి ఎట్టా తెలుస్తుంది?

అట్టాగని పాత మాటలు అన్నిటికీ చాలవు. దిగులు అనే మాట కింద ఎంతమంది ఏళ్లకేళ్లు మగ్గిపోయారో. దిగులుకి ఒక కారణం ఉంటుంది, ఆ కారణం తీరితే దిగులూ తీరుతుంది అని మనం అనుకుంటాం, అందుకే కారణం కనపడని మనిషిని చూసి "ఏం తక్కువైందని?" అంటాం. రొయ్యల చెరువుల్లో నష్టం వచ్చిన మా బంధువు ఒకాయన ఏడాదిపాటు నీరసం, నడుం నొప్పి, కడుపులో మంట అని ఊళ్లో ఉన్న స్కానింగులన్నీ తీయించుకున్నాడు. నష్టం పూడిపోయింది, ఆయన మాత్రం లేవలేదు. ఇంట్లోవాళ్లు సోమరి అన్నారు, కొందరు గాలి సోకింది అన్నారు. తాహితీ దీవుల్లో పనిచేసిన రాబర్ట్ లెవీ అనే ఆయన 1973లో రాసింది గుర్తొచ్చింది, అక్కడ కోపానికి మాటలు బోలెడు, దుఃఖానికి మాత్రం సరైన మాట లేదంట, మనిషిని పోగొట్టుకున్నవాళ్లు కూడా ఒళ్లు బాగాలేదు, బరువుగా ఉంది, అలసటగా ఉంది అని చెప్పేవాళ్లంట. మా బంధువుకి చివరికి ఒక డాక్టరు డిప్రెషన్ అని చెప్పి, అది జబ్బేనని కూర్చోబెట్టి వివరించి, మందులు రాశాడు. ఆ ఇంగ్లీషు మాట ఆ ఇంట్లోకి వచ్చాకే ఆయన్ని సోమరి అనడం ఆగింది. ఆ బిళ్లలు నా చేత్తోనే ఇచ్చాను, రెండు మూడు వారాల దాకా గుణం కనపడదు, మధ్యలో మానేయబాకండి అని చెప్పి మరీ. ఇట్టాంటిది మీ ఇంట్లో ఉంటే 14416కి ఫోన్ చేయొచ్చు, టెలీ మానస్ అని ప్రభుత్వానిది, తెలుగులోనే మాట్లాడతారు.

లోపల ఉన్నదాన్ని నలుగురిలో పేరు పెట్టి అడగడం చూడాలంటే మొహర్రం నెలలో మా స్వర్ణాల చెరువు దగ్గరికి రండి. బారాషహీద్ దర్గా రొట్టెల పండగ. హిందువులు, ముస్లింలు తేడా లేదు, కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి చెరువు నీళ్లలో నిలబడి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు, తీరాక వాళ్లు మళ్లీ తెచ్చి ఇవ్వాలి. ప్రతి రొట్టెకీ పేరుంది. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, చదువు రొట్టె, సొంతిల్లు రొట్టె. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు, నాకు పిల్లలు లేరు అని, నాకు జబ్బుగా ఉంది అని పైకి చెప్పాలి. ఇంట్లో అత్తతో కూడా అనలేని మాట అక్కడ కేకేసి అడుగుతారు. మొన్నటి పండక్కి నా పక్కన ఒక పెద్దాయన, తెల్ల చొక్కా పంచె, ఎవరు రొట్టె చాపినా వద్దంటున్నాడు. చివరికి ఒకామె ఉండబట్టలేక అడిగింది.

"ఏ రొట్టె కావాలి పెద్దాయనా?"

"మనశ్శాంతి రొట్టమ్మా."

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అట్టాంటిది ఈడ లేదే. మనశ్శాంతి అంటే ఏంది, కోడలితోనా?"

"కాదమ్మా, కోడలు బంగారం."

"మరి ఆరోగ్యమా?"

"రాయిలాగున్నా."

"మరి అప్పులా?"

పెద్దాయన పంచె కొంచెం పైకి లాక్కొని, అవునన్నట్టు తలూపాడు.

"అట్టా చెప్పు మరి!" అని ఆమె వెనక్కి తిరిగి గొంతెత్తి అరిచింది, "అప్పు తీరినోళ్లు ఎవరన్నా ఉండారా, ఈడ ధనం రొట్టె కావాలంట!"